జంగీ లాటు నుంచి సీడీఎస్ దాకా: మన సైన్యాధిపతుల చరిత్రపై తరచుగా అడిగే ప్రశ్నలు

సికింద్రాబాద్ కంటోన్మెంట్ గోడ పక్కన పెరిగినవాణ్ణి. చరిత్ర మీద ఆసక్తి ఉందని తెలిసినప్పటి నుంచి బంధువుల పిల్లలు, పోటీ పరీక్షలకి చదివేవాళ్ళు, పెన్షన్ తీసుకుంటున్న మాజీ సైనికులు కూడా తిప్పి తిప్పి ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే ఓపిక లేక ఒకచోట రాసి పెట్టాను. ఇందులో ఎక్కువ భాగం నేల మీద పోరాడే సైన్యం, అంటే ఆర్మీ గురించే. నేవీ, ఎయిర్‌ఫోర్స్ అవసరమైన చోట వస్తాయి. సీడీఎస్ అంటే చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్, మూడు దళాలకీ కలిపి ఈమధ్య పెట్టిన పదవి.

‘జంగీ లాటు’ అంటే ఎవరు?

బ్రిటిష్ కాలంలో ఇండియాలో సైన్యానికి పెద్ద తలకాయ కమాండర్-ఇన్-చీఫ్. ఉత్తరాది జనం ఆయన్ని జంగీ లాట్ సాహెబ్ అనేవాళ్ళు. లార్డ్ అన్న మాటే నోళ్ళలో పడి లాట్ అయింది. పరిపాలన చేసే లాటు వైస్రాయ్, యుద్ధం చేసే లాటు ఈయన. తెలుగులో మనం లాటు సాహెబు అని ఇద్దరికీ కలిపి వాడేశాం.

వైస్రాయ్ తరవాత దేశంలో అంత బరువున్న పదవి ఇంకోటి లేదు. వైస్రాయ్ కౌన్సిల్‌లో ఆయనకో కుర్చీ. ఢిల్లీలో వైస్రాయ్ భవనానికి దక్షిణంగా ఆయనకి ఫ్లాగ్‌స్టాఫ్ హౌస్ అనే మేడ కట్టారు. ఆ మేడ సంగతి కింద మళ్ళీ వస్తుంది, గుర్తు పెట్టుకోండి. చివరి రోజుల్లో నౌకాదళం, వైమానిక దళం కూడా ఆయన చేతి కిందే ఉండేవి. మూడు దళాలకీ ఒకే మనిషి అధిపతి అన్నమాట.

ఈ పదవి ఎప్పుడు మొదలైంది?

1748లో మేజర్ స్ట్రింగర్ లారెన్స్ అనే ఆయన కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటకి వచ్చి దిగాడు. కుంఫిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, బలగాలన్నిటికీ ఆయన్ని అధిపతిగా వేశారు. అంతకు ముందు కుంఫిణీకి ఉన్నది గిడ్డంగులకి కాపలా కాసే జవాన్లే. ఫ్రెంచివాళ్ళతో పోటీ ముదిరాక వాళ్ళకి కవాతు నేర్పి, కంపెనీలుగా విడగొట్టి, సైన్యం అనిపించుకునేలా చేసినవాడు లారెన్స్.

ఆ తరవాత మద్రాసు, బెంగాల్, బొంబాయి అని మూడు ప్రెసిడెన్సీలకి మూడు వేరు వేరు సైన్యాలు పెరిగాయి. ఒక్కోదానికి ఒక్కో కమాండర్-ఇన్-చీఫ్. బెంగాల్ ఆయన మిగతా ఇద్దరికంటే పెద్ద అని పేరుకి ఉండేది కానీ, మద్రాసు సైన్యం మాట మద్రాసుదే. 1895లో ప్రెసిడెన్సీ సైన్యాల్ని రద్దు చేసి, పంజాబ్, బెంగాల్, మద్రాసు, బొంబాయి అని నాలుగు కమాండ్లుగా విడగొట్టి, అన్నిటినీ ఒకే కమాండర్-ఇన్-చీఫ్ కిందకి తెచ్చారు. లారెన్స్ వచ్చిన దాదాపు నూటయాభై ఏళ్ళకి!

మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళు చాలామంది ఉండేవాళ్ళట, నిజమేనా?

నిజం. క్లైవ్ బెంగాల్‌కి వెంట తీసుకెళ్ళిన సిపాయిల్లో తెలుగు నేల వాళ్ళు ఉన్నారు. వాళ్ళని చూసి అక్కడి జనం సిపాయి అంటేనే ‘తిలంగా’ అనడం మొదలుపెట్టారు. తరవాత అవధ్ కుర్రాడు ఎర్రకోటు తొడుక్కున్నా వాడూ తిలంగాయే. మన జాతి పేరు ఉత్తరాదిలో ఒక ఉద్యోగం పేరు అయిపోయింది.

మరి అంతమంది సిపాయిలు ఉన్న చోట తరవాతి కాలంలో తెలుగు జనరళ్ళు ఎందుకు తక్కువయ్యారు? దీనికి జవాబు చాలావరకు ఒక మనిషి దగ్గర ఉంది. ఆయన ఫ్రెడరిక్ రాబర్ట్స్. 1881 నుంచి 1885 దాకా మద్రాసు కమాండర్-ఇన్-చీఫ్, ఆ తరవాత 1893 దాకా మొత్తం ఇండియాకి కమాండర్-ఇన్-చీఫ్. దక్షిణాది వాళ్ళు సుఖాలకి అలవాటుపడి పోరాట పటిమ పోగొట్టుకున్నారని ఆయన గట్టి నమ్మకం. రష్యా వాయవ్యం నుంచి వస్తుందన్న భయంతో పఠాన్లు, సిక్కులు, గూర్ఖాల వైపు భర్తీ మళ్ళించాడు. ‘యుద్ధ జాతులు’ అన్న సిద్ధాంతం ఆయన చేతిలో ప్రభుత్వ విధానం అయింది. తెలుగువాళ్ళ భర్తీ బాగా పడిపోయింది. సైన్యంలో తాతలు, తండ్రులు ఉన్న ఇళ్ళ నుంచే ఆఫీసర్లు ఎక్కువగా వస్తారు. ఆ గొలుసు ఒకసారి తెగితే మళ్ళీ అతకడానికి రెండు మూడు తరాలు పడుతుంది.

వేలూరు తిరుగుబాటుకి మద్రాసు సేనాధిపతి కారణమా?

ఆయన ఒక్కడే అనలేం కానీ, అగ్గిపుల్ల గీసింది ఆయన ఆఫీసే. సర్ జాన్ క్రాడక్ హయాంలో సిపాయిలకి కొత్త తలపాగా వచ్చింది. దానికి తోలు బిళ్ళ ఉండేది. నుదుటి బొట్టు పెట్టుకోకూడదు, గడ్డం ఇలాగే ఉండాలి అని కూడా ఆజ్ఞలు. మతం మీదికి వస్తున్నారని సిపాయిలు రగిలిపోయారు. మేలోనే కొందరు ఎదురు తిరిగితే కొరడా దెబ్బలు కొట్టించారు. 1806 జులై 10 తెల్లవారకముందే వేలూరు కోటలో తెల్ల సైనికుల మీద పడ్డారు. టిప్పు కొడుకులు ఆ కోటలోనే బందీలుగా ఉండటంతో కుంఫిణీకి చెమటలు పట్టాయి. ఆర్కాటు నుంచి గిలెస్పీ గుర్రపు దళంతో వచ్చి కొన్ని గంటల్లోనే అణచివేశాడు. చచ్చింది వందల్లో సిపాయిలు. క్రాడక్‌నీ, గవర్నర్ విలియం బెంటింక్‌నీ లండన్ వెనక్కి పిలిపించింది.

నాకు ఇందులో ఆసక్తిగా అనిపించేది ఏంటంటే, సేనాధిపతి చేసిన పనికి గవర్నర్ పదవి కూడా పోయింది. ఎవరి ఆజ్ఞకి ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్న అప్పటికే మొదలైందన్నమాట.

కర్జన్‌కీ కిచెనర్‌కీ గొడవ దేని మీద?

క్విజ్‌లో ఒక మార్కు ప్రశ్నగా అడుగుతారు కానీ, ఇది తెలిస్తే 2019లో సీడీఎస్ పదవి ప్రకటించిన సంగతి కూడా సగం అర్థమవుతుంది.

1902లో కిచెనర్ కమాండర్-ఇన్-చీఫ్‌గా వచ్చాడు. సూడాన్‌లో గెలిచినవాడు, బోయర్ యుద్ధం ముగించినవాడు, మహా గర్వి. ఇక్కడికి వచ్చి చూస్తే సైన్యాన్ని నడిపేది తనే అయినా సరఫరా, రవాణా, ఖర్చు లెక్కలు మిలిటరీ మెంబర్ అనే ఇంకో అధికారి చేతిలో ఉన్నాయి. ఆ మిలిటరీ మెంబర్ కూడా సైనికుడే, కిచెనర్ కంటే హోదాలో చిన్నవాడు. అయినా వైస్రాయ్ కౌన్సిల్‌లో కూర్చుని కిచెనర్ పంపిన ప్రతిపాదనల మీద వ్యాఖ్య రాసి వైస్రాయ్ ముందు పెట్టేవాడు. కిచెనర్‌కి ఒళ్ళు మండింది. మధ్యలో ఈ మనిషి ఎందుకు, తీసెయ్యండి అన్నాడు.

అప్పటి వైస్రాయ్ కర్జన్ వాదన వేరు. వైస్రాయ్‌కి సైన్యం గురించి ఒకే నోటి నుంచి సలహా వస్తే ఆ సలహా మంచిదో కాదో తేల్చేదెవరు? రెండో అభిప్రాయం ఉండాలి కదా? అదీగాక ఒకే మనిషి చేతిలో అంత అధికారం పెడితే పౌర ప్రభుత్వం పేరుకే మిగులుతుంది.

ఇద్దరూ లండన్‌లో తమ తమ మనుషుల్ని పట్టుకున్నారు. కిచెనర్ ఆ విద్యలో కర్జన్‌ని మించినవాడు. 1905లో లండన్ రాజీ పేరుతో మిలిటరీ మెంబర్ అధికారాలన్నీ పీకేసి, పేరుకి మిలిటరీ సప్లై మెంబర్ అని ఒకరిని ఉంచింది. కర్జన్ ఆగస్టులో రాజీనామా చేశాడు. 1909లో ఆ సప్లై మెంబర్ పదవి కూడా ఎత్తేశారు. కిచెనర్ కోరుకున్నది అక్షరాలా దక్కింది.

ఆ తరవాత ఏమైంది? 1914లో యుద్ధం వచ్చింది. ఇండియా నుంచి మెసపొటేమియాకి, అంటే ఇప్పటి ఇరాక్‌కి, సేన వెళ్ళింది. సేనాధిపతి బోషాంప్ డఫ్. యుద్ధం నడపడం, సరఫరా చూడటం, కౌన్సిల్‌లో ఫైళ్ళు చూడటం అన్నీ ఒక్కడి నెత్తినే. గాయపడినవాళ్ళకి పడవలు లేవు, మందులు లేవు. 1916 ఏప్రిల్‌లో కూత్ దగ్గర మన సేన లొంగిపోయింది. విచారణ కమిషన్ వ్యవస్థనీ, మనుషుల్నీ కలిపి కడిగేసింది. డఫ్ పదవి ఊడింది. కర్జన్ చెప్పిందే నిజమైందని నా అభిప్రాయం. అయితే కర్జన్ కూడా అహంకారంలో తక్కువవాడేం కాదు, అందుకే ఆయన మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

భారతీయులు ఆఫీసర్లు ఎప్పుడయ్యారు?

సుబేదార్, జమేదార్ దాకా ముందు నుంచీ ఉన్నారు. వాళ్ళు వైస్రాయ్ కమిషన్ వాళ్ళు. ముప్పై ఏళ్ళు సేవ చేసిన సుబేదార్ మేజర్ కూడా నిన్న వచ్చిన తెల్ల కుర్రాడికి సెల్యూట్ కొట్టాలి. రాజు కమిషన్, అంటే తెల్లవాళ్ళతో సమానమైన పూర్తి ఆఫీసరు హోదా, భారతీయులకి మొదటి ప్రపంచ యుద్ధం చివర్లోనే అందింది. ఇండోర్ డాలీ కాలేజీలో శిక్షణ పొందిన బ్యాచ్ 1919లో బయటికొచ్చింది. కొడగు కుర్రాడు కె.ఎం. కరియప్ప అందులోని వాడే. తరవాత ఇంగ్లండ్‌లోని శాండ్‌హర్స్ట్‌లో ఏడాదికి పది సీట్లు ఇచ్చారు. 1923లో భారతీయ ఆఫీసర్లని ఎనిమిది యూనిట్లకే పరిమితం చేశారు. తెల్లవాళ్ళు నల్ల ఆఫీసరు కింద పనిచేయాల్సిన గండం తప్పించడానికి చేసిన ఏర్పాటు అది.

1932 అక్టోబర్‌లో డెహ్రాడూన్‌లో ఇండియన్ మిలిటరీ అకాడమీ తెరిచారు. మొదటి బ్యాచ్‌లో నలభై మంది. వాళ్ళలో శామ్ మానెక్‌షా తరవాత ఇండియా ఆర్మీ చీఫ్, మహమ్మద్ మూసా పాకిస్తాన్ కమాండర్-ఇన్-చీఫ్, స్మిత్ డన్ స్వతంత్ర బర్మా తొలి సేనాధిపతి. ఒకే మెస్‌లో కలిసి తిన్న ముగ్గురు మూడు దేశాల సైన్యాలకి అధిపతులయ్యారు.

1947 ఆగస్టు 15న మన ఆర్మీ చీఫ్ ఎవరు?

చాలామంది కరియప్ప అంటారు, తప్పు. జనరల్ రాబ్ లాక్‌హార్ట్. ఆయన తరవాత 1948 జనవరి 1 నుంచి జనరల్ రాయ్ బుచర్. ఇద్దరూ బ్రిటిష్ వాళ్ళే. పాకిస్తాన్‌లోనూ అంతే: మొదట మెసర్వీ, తరవాత గ్రేసీ. పాత కమాండర్-ఇన్-చీఫ్ ఆకిన్‌లెక్‌కి సుప్రీం కమాండర్ అని పేరు మార్చి, సైన్యాన్ని రెండు దేశాలకి పంచే పని అప్పజెప్పారు. ఆయన ఆఫీసు 1947 నవంబర్ 30న మూతపడింది.

కాశ్మీర్ యుద్ధం వచ్చేసరికి ఇదొక వింత నాటకంలా తయారైంది. రెండు వైపులా సేనాధిపతులు ఒకే దేశం వాళ్ళు, పాత స్నేహితులు, అవసరమైతే ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్ళు. అక్టోబర్ చివర్లో కాశ్మీర్‌కి సైన్యాన్ని పంపమని జిన్నా ఆజ్ఞాపిస్తే గ్రేసీ ఆ పని చేయకుండా ఆకిన్‌లెక్‌కి కబురు పెట్టాడు. ఆకిన్‌లెక్ లాహోర్‌కి విమానంలో వెళ్ళి, ఆ పని చేస్తే బ్రిటిష్ ఆఫీసర్లందరినీ వెనక్కి తీసుకుంటానని చెప్పాడు. జిన్నా తగ్గాడు. మన వైపు కూడా యుద్ధభూమిలో నడిపింది భారతీయులే. తెల్ల ఆఫీసర్లు రంగంలోకి దిగకూడదని వాళ్ళకి ముందే ఆజ్ఞలున్నాయి.

జనవరి 15నే ఆర్మీ డే ఎందుకు?

1949లో ఆ రోజున బుచర్ నుంచి కరియప్ప బాధ్యతలు తీసుకున్నారు. తొలి భారతీయ కమాండర్-ఇన్-చీఫ్. అంతే.

ఈ సందర్భంలో వాట్సాప్‌లో ఒక కథ తిరుగుతుంది. మనవాళ్ళకి అనుభవం లేదు, బ్రిటిష్ వాణ్ణే పెడదాం అని నెహ్రూ అంటే, నాథూ సింగ్ రాథోడ్ అనే సీనియర్ సైనికాధికారి లేచి ‘దేశాన్ని నడిపిన అనుభవం కూడా మనకి లేదు, ప్రధానిగా కూడా బ్రిటిష్ వాణ్ణే పెడదామా’ అన్నాడని. వినడానికి బాగుంటుంది. పంపేవాళ్ళని ఇది ఏ మీటింగ్, ఏ తేదీ, ఏ రికార్డు అని అడిగితే మాత్రం జవాబు ఉండదు. అనుభవం మాటకొస్తే, కరియప్పకి అప్పటికి ముప్పై ఏళ్ళ సర్వీసు ఉంది, బెటాలియన్ నడిపిన మొదటి భారతీయుడు ఆయనే. కానీ భారతీయుల్ని పైకి రానీయకుండా ఆపడం వల్ల పెద్ద బలగాల్ని యుద్ధంలో నడిపిన మనవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే ఉన్నారన్నది కూడా నిజం.

హైదరాబాద్ పోలీసు చర్య ఎవరి ఆధ్వర్యంలో జరిగింది?

1948 సెప్టెంబర్ 13న మొదలైంది. అప్పటికి ఆర్మీ కమాండర్-ఇన్-చీఫ్ ఇంకా బ్రిటిష్ వాడైన బుచరే! ఇది చెప్తే మన వాళ్ళు చాలామంది ఆశ్చర్యపోతారు. సదరన్ కమాండ్ అధిపతి మహరాజ్ రాజేంద్రసింహజీ. షోలాపూర్ వైపు నుంచి వచ్చిన ప్రధాన దళానికి మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి నాయకుడు. నిజాం సైన్యాధిపతి మేజర్ జనరల్ సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్ ఆయన ముందు లొంగిపోయాడు. ఆ తరవాత 1949 చివరి దాకా చౌదరి హైదరాబాద్‌కి మిలిటరీ గవర్నర్. మా ఇంటి పెద్దవాళ్ళు ఆ ఏడాదిని ‘చౌదరి రాజ్యం’ అని తేదీలా వాడేవాళ్ళు. ఫలానావాడు చౌదరి రాజ్యంలో పుట్టాడు అని. అదే చౌదరి 1962 నవంబర్‌లో ఆర్మీ చీఫ్ అయ్యారు, 1965 యుద్ధం ఆయన హయాంలోనే జరిగింది.

నేవీకీ ఎయిర్‌ఫోర్స్‌కీ భారతీయ అధిపతులు ఎప్పుడొచ్చారు?

ఎయిర్‌ఫోర్స్‌కి 1954 ఏప్రిల్ 1న సుబ్రతో ముఖర్జీ. నేవీకి ఇంకా ఆలస్యం, 1958 ఏప్రిల్ 22న రామ్ దాస్ కటారి. స్వాతంత్ర్యం వచ్చాక దాదాపు పదకొండేళ్ళు మన నౌకాదళానికి తెల్లదొరలే అధిపతులు. ఓడలు నడపడం, పెద్ద నౌకాదళాన్ని కట్టడం అనుభవంతో వచ్చే పని, సీనియర్ భారతీయులు చాలా తక్కువమంది. పైగా ఓడలు కొనాల్సింది బ్రిటన్ నుంచే.

1955లో పేరు మార్చడం వెనక కథ ఏంటి?

1947లోనే కమాండర్-ఇన్-చీఫ్ ఒక్కడు ముగ్గురయ్యాడు, ఆర్మీకి, నేవీకి, ఎయిర్‌ఫోర్స్‌కి విడివిడిగా. ముగ్గురూ సమానం, ముగ్గురి పైన రక్షణ మంత్రి. 1955లో పార్లమెంట్ చట్టం చేసి ఆ పేరునే తీసేసింది. ఏప్రిల్ 1 నుంచి వాళ్ళు చీఫ్ ఆఫ్ ఆర్మీ స్టాఫ్, నేవల్ స్టాఫ్, ఎయిర్ స్టాఫ్. చివరి కమాండర్-ఇన్-చీఫ్, మొదటి చీఫ్ ఆఫ్ ఆర్మీ స్టాఫ్ ఒక్కరే: పైన చెప్పిన రాజేంద్రసింహజీ. అదే ఏడాది మేలో రిటైరయ్యారు.

పేరులో ఏముంది అనుకోకండి. కమాండర్ అంటే తన పేరు మీద ఆజ్ఞ ఇచ్చేవాడు. చీఫ్ ఆఫ్ స్టాఫ్ అంటే ఇంకొకరి తరఫున పని చూసేవాడు. సర్వసైన్యాధ్యక్షత రాజ్యాంగం ప్రకారం రాష్ట్రపతిది.

ఇక ఆ మేడ. ఫ్లాగ్‌స్టాఫ్ హౌస్‌లోకి 1948లో నెహ్రూ మారారు. అదే తీన్‌మూర్తి భవన్. సేనాధిపతి ఇల్లు ప్రధానమంత్రి ఇల్లు అయింది, సేనాధిపతి మామూలు బంగళాకి మారాడు. చట్టం కంటే ఈ ఇల్లు మారడమే సైనికులకి ఎక్కువ అర్థమై ఉంటుందని నాకనిపిస్తుంది.

పాకిస్తాన్‌లో సైన్యం అధికారం తీసుకుంది, ఇక్కడ ఎందుకు తీసుకోలేదు?

మావాళ్ళు మంచివాళ్ళు అన్న జవాబు నాకు నచ్చదు. రెండు సైన్యాలూ ఒకే బడిలో చదివినవే. తేడా ఎక్కువగా ఏర్పాట్లలో ఉంది. పాకిస్తాన్‌లో కమాండర్-ఇన్-చీఫ్ పదవి 1972 దాకా అదే పేరుతో ఉంది. 1951 జనవరిలో వచ్చిన అయూబ్ ఖాన్ 1958 దాకా కదలకుండా కూర్చుని, ఆ కుర్చీ నుంచే దేశాధ్యక్షుడయ్యాడు. ఆ ఏడేళ్ళలో అక్కడ ప్రధానులు ఒకరి తరవాత ఒకరు మారిపోయారు. ఇక్కడ ప్రధాని నెహ్రూ ఒక్కరే, సేనాధిపతులు మారారు. కరియప్పని 1953లో నాలుగేళ్ళు నిండగానే రిటైర్ చేసి ఆస్ట్రేలియాకి హైకమిషనర్‌గా పంపారు. రిటైరైన పెద్ద జనరల్‌ని గౌరవంగా దూరం పంపడం నెహ్రూకి బాగా తెలుసు.

చీఫ్ మాట ప్రభుత్వం వినకపోతే?

రకరకాలుగా జరిగింది. 1959 ఆగస్టు చివర్లో ఆర్మీ చీఫ్ తిమ్మయ్య, రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌తో పడలేక రాజీనామా ఇచ్చారు. నెహ్రూ నచ్చజెప్పి వెనక్కి తీసుకునేలా చేశారు. ఆ తరవాత పార్లమెంట్‌లో తిమ్మయ్యనే తప్పుపట్టినట్టు మాట్లాడారు. రాజీనామా వెనక్కి తీసుకోవడం తిమ్మయ్య చేసిన పొరపాటని సైన్యంలో ఇప్పటికీ అంటారు. 1962లో చైనా చేతిలో ఓడాక ఆ దెబ్బ జనరల్ థాపర్ మీద పడింది, రాజీనామా చేశారు. మీనన్ కూడా పోయారు.

1971 ఏప్రిల్‌లో తూర్పు పాకిస్తాన్ మీదికి వెంటనే వెళ్ళమని ఇందిరా గాంధీ అంటే, ఇప్పుడు కాదు, వర్షాలొస్తాయి, సిద్ధంగా లేం అని మానెక్‌షా చెప్పిన కథ ఆయనే చాలాసార్లు చెప్పుకున్నారు. ఆయన చెప్పేతీరు మహా రంజుగా ఉంటుంది, అందులో కొంత ఉప్పుకారం ఉండొచ్చు. కానీ దాడి డిసెంబర్‌లోనే జరిగింది, పదమూడు రోజుల్లో ముగిసింది.

మరో చివర 1998 డిసెంబర్ 30: నేవీ చీఫ్ అడ్మిరల్ విష్ణు భగవత్‌ని ప్రభుత్వం ఏకంగా పదవి నుంచి తీసేసింది. స్వతంత్ర భారతంలో అలా బర్తరఫ్ అయిన చీఫ్ ఆయనొక్కరే.

సీనియర్ అయితే చీఫ్ అయిపోతారా?

ఆనవాయితీ అది, చట్టం కాదు. 1983లో ఎస్.కె. సిన్హాని దాటించి ఎ.ఎస్. వైద్యకి ఇచ్చారు, సిన్హా ఉద్యోగం వదిలేశారు. 2016లో ఇద్దరు సీనియర్లని పక్కనపెట్టి బిపిన్ రావత్‌ని ఎంచుకున్నారు. పదవీకాలం మూడేళ్ళు, లేదా 62 ఏళ్ళ వయసు, ఏది ముందొస్తే అది. అందుకే పుట్టినతేదీ ఇక్కడ ప్రాణసంకటం. 2012లో వి.కె. సింగ్ పుట్టిన సంవత్సరం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు, చివరికి పిటిషన్ వెనక్కి తీసుకున్నారు.

తెలుగువాళ్ళు ఎవరైనా చీఫ్ అయ్యారా?

ఆర్మీలో కొటికలపూడి వెంకట కృష్ణారావు, 1981 జూన్ నుంచి 1983 జులై దాకా. 1942లో మహార్ రెజిమెంట్‌లో చేరారు. 1971లో 8 మౌంటెన్ డివిజన్‌ని నడిపి సిల్హెట్ పట్టుకున్నారు. రిటైరయ్యాక ఈశాన్య రాష్ట్రాలకీ, రెండుసార్లు జమ్మూ కాశ్మీర్‌కీ గవర్నర్‌గా చేశారు.

నేవీ తొలి భారతీయ అధిపతి కటారి గురించి మనవాళ్ళకి తెలిసింది తక్కువ. చెంగల్పట్టులో పుట్టారు, చివరి రోజులు సికింద్రాబాద్‌లో గడిపారు. నౌకాదళాధిపతిగా దిగిపోయాక ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ చైర్మన్‌గా పనిచేశారు. ఓడల నుంచి ఎర్రబస్సులకి! తరవాత బర్మాలో రాయబారి.

భాష కాకుండా ఊరు లెక్క చూస్తే ఇంకా ఉన్నారు. 1978లో ఎయిర్ చీఫ్ అయిన ఇద్రిస్ హసన్ లతీఫ్ హైదరాబాదీ. 2007లో ఎయిర్ చీఫ్ అయిన ఫాలీ హోమీ మేజర్ సికింద్రాబాద్‌లో పుట్టారు. 1955లో రాజేంద్రసింహజీ తరవాత ఆర్మీ చీఫ్ అయిన ఎస్.ఎం. శ్రీనగేశ్ రిటైరయ్యాక హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి ప్రిన్సిపాల్, 1962 నుంచి 1964 దాకా ఆంధ్రప్రదేశ్ గవర్నర్.

ఫీల్డ్ మార్షల్ చీఫ్ కంటే పెద్దా?

హోదాలో పెద్ద, పదవి కాదు. ఐదు స్టార్లు, జీవితాంతం. మానెక్‌షాకి 1973లో, కరియప్పకి 1986లో ఇచ్చారు. ఎయిర్‌ఫోర్స్‌లో దానికి సమానమైన హోదా అర్జన్ సింగ్‌కి 2002లో దక్కింది. నేవీలో ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు.

సీడీఎస్ అంటే పాత కమాండర్-ఇన్-చీఫ్ మళ్ళీ వచ్చినట్టేనా?

కాదు. అలా అనిపించడం సహజమే, మూడు దళాలకీ కలిపి ఒక మనిషి కాబట్టి. 1999 కార్గిల్ తరవాత సమీక్ష కమిటీ లోపాలు ఎత్తిచూపింది, 2001లో మంత్రుల బృందం ఇలాంటి పదవి పెట్టమంది. ఆఫీసు సిబ్బందిని అప్పుడే పెట్టారు, మనిషిని మాత్రం పెట్టలేదు. తల లేని మొండెంలా ఆ ఆఫీసు పద్దెనిమిదేళ్ళు నడిచింది. 2019 ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని మోదీ ప్రకటించారు, 2020 జనవరి 1న రావత్ బాధ్యతలు తీసుకున్నారు. 2021 డిసెంబర్ 8న కూనూర్ దగ్గర హెలికాప్టర్ కూలి ఆయన, ఆయన భార్య, ఇంకా పన్నెండు మంది చనిపోయారు. దాదాపు పది నెలలు కుర్చీ ఖాళీ. 2022 సెప్టెంబర్ 30న అనిల్ చౌహాన్ వచ్చారు. అప్పటికే రిటైరైన ఆయన్ని తీసుకోవడం కోసం నిబంధనలే మార్చారు.

సీడీఎస్‌కి నాలుగు స్టార్లే, ముగ్గురు చీఫ్‌లకి ఎన్నో అన్నే. వాళ్ళకి యుద్ధరంగ ఆజ్ఞలు ఇచ్చే అధికారం ఆయనకి లేదు. మూడు దళాలకి సంబంధించిన విషయాల్లో రక్షణ మంత్రికి ఆయనే ప్రధాన సైనిక సలహాదారు. అయితే ఒక కొత్త సంగతి ఉంది. రక్షణ శాఖలో సైనిక వ్యవహారాల విభాగం అని పెట్టి దానికి ఆయన్నే కార్యదర్శిని చేశారు. అంటే ఫైలు కింది నుంచి పంపే యూనిఫాం మనిషే, పైన సంతకం పెట్టే సెక్రటేరియట్ కుర్చీలో కూడా కూర్చున్నాడు. 1905లో కిచెనర్ దీని కోసమే కొట్లాడాడు. ఇప్పుడు కర్జన్ ఉంటే ఏమనేవాడో!

ఐఏఎస్‌ల ఫైళ్ళ కింద నలిగిపోయిన సైన్యానికి ఇది కావాల్సిందేనని మాజీ ఆఫీసర్లు వాదిస్తారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది.

థియేటర్ కమాండ్లు అంటే? అవొస్తే చీఫ్‌లు ఏం చేస్తారు?

ఇప్పుడు ఆర్మీకి ఏడు, నేవీకి మూడు, ఎయిర్‌ఫోర్స్‌కి ఏడు కమాండ్లు. విశాఖలో ఉన్నది తూర్పు నౌకాదళ కమాండ్. ఒకే సరిహద్దుని చూసే ఆర్మీ కమాండ్ ఒక ఊళ్ళో, ఎయిర్ కమాండ్ ఇంకో ఊళ్ళో ఉంటాయి. వీటిని కలిపి ఒక దిక్కుకి ఒక కమాండర్ కింద మూడు దళాల బలగాల్ని పెట్టాలన్నది ఆలోచన. అండమాన్‌లో 2001 నుంచి చిన్న ఎత్తున అలా నడుస్తోంది. వేరే దళం వాడిని శిక్షించే అధికారం కమాండర్‌కి లేకపోవడం ఒక చిక్కుగా ఉండేది, 2023లో చేసిన చట్టం అది తీర్చింది. ఉన్న కొద్దిపాటి యుద్ధ విమానాల్ని దిక్కుకిన్ని అని పంచేస్తే అవసరమైన చోటికి మళ్ళించడం కష్టమని ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ అభ్యంతరం.

అది అమలైతే యుద్ధం నడిపేది థియేటర్ కమాండర్లు. భర్తీ చేసి, శిక్షణ ఇచ్చి, సామాను సమకూర్చి పంపడం చీఫ్‌ల పని. లారెన్స్ నుంచి వస్తున్న సేనాధిపతి పదవికి అప్పుడు యుద్ధం నడిపే పని మిగలదు. సిగ్నల్స్‌లో హవల్దార్‌గా రిటైరైన మా మేనమామకి ఇదంతా వివరించాను. ఓపిగ్గా విని, ‘చీఫ్ ఎవరైతే మాకేంట్రా, మా సీఓ మంచోడైతే చాలనుకునేవాళ్ళం’ అన్నాడు. సీఓ అంటే యూనిట్‌ని నడిపే కమాండింగ్ ఆఫీసర్.